మా ఆయనకు లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అన్నారు. మాది కర్నూలు. ముందు ఏమేం ఉంటాయి?

ఆపరేషన్ కంటే దాని ముందు పరీక్షలకే ఎక్కువ రోజులు పడతాయమ్మా. సీటీ స్కాన్‌లో గడ్డ ఒక్కటే చూడరు, కోసేశాక మిగిలే లివర్ సరిపోతుందా అనీ కొలుస్తారు. ఆరోగ్యమైన లివర్‌కు 25-30 శాతం, సిరోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడటం) ఉంటే దాదాపు 40 శాతం మిగలాలి. చాలకపోతే, తీసేసే వైపు రక్తనాళాన్ని మూసి, రెండోవైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగమంటారు. ఆలస్యం చేస్తున్నారని టెన్షన్ పడకండి.

హైదరాబాద్ బస్సెక్కేముందు స్కాన్ సీడీ సంచిలో ఉందో లేదో చూసుకోండి. మేం ఇంట్లో మరిచిపోయి మళ్లీ డబ్బు కట్టి తీయించుకున్నాం. రక్తం పలచబరిచే మాత్రలు, కామెర్లకని తాగిన పసరు మందు, ఏదీ దాచకుండా డాక్టరుకు చెప్పండి. రక్తం ఇచ్చేవాళ్లను ముందే మాట్లాడుకోండి.

ఆపరేషన్ తర్వాత ఒకట్రెండు రోజులు ఐసీయూ, మొత్తం వారం పది రోజులు ఆసుపత్రి. పొట్ట పక్కన గొట్టం వేలాడుతుంటుంది, చూసి బెదిరిపోవద్దు.