"ఎవరికీ చెప్పకక్కా, నవ్వుతారు"

ప్రశ్న: మాది గుణుపురం. తమ్ముడు రాయగడలో కాగితం మిల్లు కార్మికుడు. సంక్రాంతికి వచ్చినవాడు మూడు రోజులూ నిండు చేతుల చొక్కా విప్పలేదు. నూతి దగ్గర నీళ్లు పోసుకుంటుంటే చూశాను, మోచేతి నుంచి మణికట్టు దాకా తోలు ఊడి ఎర్రగా ఉంది. మిల్లులో ఆవిరి కొట్టిందన్నాడు. మర్నాడు బయటపడ్డాడు: మరదలు వేడి గంజి పోసిందట. ఏటీఎం కార్డు కూడా ఆమె దగ్గరే, టీ డబ్బులకీ లెక్క చెప్పాలి. "ఎవరికీ చెప్పకక్కా, నవ్వుతారు" అన్నాడు. మా ఆయనకి చెబితే "ఒకటి తగిలిస్తే దారికొస్తుంది" అంటున్నారు. ఏం చెయ్యను?

జవాబు: ముందు మీ ఆయన్ని ఆ మాట తమ్ముడి దగ్గర అననివ్వకండమ్మా. తమ్ముడు చెయ్యి చేసుకున్నాడంటే కాలిన చెయ్యి సంగతి ఎవరూ అడగరు, కేసు అతని మీదే పడుతుంది.

మిల్లు ఆవిరి అన్నాడు చూశారా, అసలు బాధ అక్కడుంది. ఇలాంటివాళ్లు నా దగ్గర కూడా మొదట బండి జారిందనో, తలుపు తగిలిందనో అంటారు. మంట కన్నా నవ్వుకే భయం. "మగాడివై ఎలా పడ్డావురా" అని అడక్కండి. పెద్దమనుషుల పంచాయితీ అసలే వద్దు. అతని ఫోన్ ఆమె చూస్తుందేమో, షిఫ్టు దిగే వేళకి మీరే గేటు దగ్గర కలవండి. నమ్మానని చెప్పండి. ఏ రాత్రి వచ్చినా మీ ఇంట్లో మంచం ఉందని చెప్పండి.

పుండు మానకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించాలి. ఈసారి ఆవిరి కథ వద్దు, జరిగింది చెప్పి చీటీలో రాయించుకోవాలి.

2005 గృహహింస చట్టం ఆడవాళ్లకే, అందులో అతనికి దారి లేదు. కానీ కావాలని వేడి పదార్థంతో కాల్చి గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 118 సెక్షన్ కింద నేరమే, పోసింది భార్య అయినా సరే. విడిపోవాలనుకుంటే హిందూ వివాహ చట్టంలో క్రూరత్వం అనే కారణం భర్తకీ వర్తిస్తుంది. వకీలు ఫీజుకి బెంగ వద్దు. ఉచిత న్యాయ సహాయానికి అర్హుల్లో పారిశ్రామిక కార్మికులూ ఉన్నారు, 15100కి చెయ్యమనండి. నిద్ర పట్టక కుమిలిపోతుంటే మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే కేసా, కాపురమా అన్నది అతన్నే తేల్చుకోనివ్వండి, మీరు తొందరపెట్టకండి.

చెప్పొద్దన్న మాట మీ ఆయన దాకా వెళ్లిపోయింది. ఇంక అమ్మకీ పిన్నికీ వద్దు.