గీత కుదిరింది సరే, పారామీటర్లెన్ని?

చిరంజీవి అమ్మడికి,

నువ్వు పంపిన ఆర్గానిక్ సోలార్ సెల్ గ్రాఫు చూశాను. కొలిచిన చుక్కల మీద నీ సిమ్యులేషన్ గీత ముచ్చటగా కూర్చుంది. ఎన్ని పారామీటర్లు మార్చావా అని లెక్కపెడితే పదకొండు తేలాయి. పదకొండు మరలు చేతిలో ఉంటే ఏ గీతనైనా వంచొచ్చు తల్లీ!

ఒక్క కరెంటు-వోల్టేజీ గీతతో ఊరుకోకు. అదే సెల్‌ని చీకట్లో ఒకసారి, వెలుతురు పదో వంతుకీ నూరో వంతుకీ తగ్గించి మళ్లీ కొలవమను. అన్నిటికీ ఒకే విలువలతో కుదిరితే అప్పుడు నమ్ముతాను. వెలుతురు పదింతలైనప్పుడల్లా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు తీసుకోనప్పుడు సెల్ చూపే వోల్టేజీ) 60 మిల్లీవోల్టుల చొప్పున పెరుగుతోందా, ఎలక్ట్రాన్లూ హోల్సూ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీలు) నేరుగా కలిసిపోతున్నాయనుకోవచ్చు. అంతకన్నా బాగా ఎక్కువగా ఉంటే ట్రాపులను, అంటే ఛార్జీలు ఇరుక్కుపోయే లోపాలను, అనుమానించు. మరీ మసక వెలుతురులో అయితే ముందు షంట్ లీకేజీ, అంటే సెల్ లోపలే పక్కదారిన కారిపోయే కరెంటు, చూడు.

సిలికాన్‌కి రాసిన మోడల్‌ని ఉన్నదున్నట్టు దించకు. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఛార్జీల మధ్య లాగుడును పదార్థం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 11.7, మన ఆర్గానిక్ పదార్థాలది ఏ మూడో నాలుగో. అందుకే ఇక్కడ వెలుతురు పడగానే విడి ఛార్జీలు రావు. ముందు ఎక్సైటాన్, అంటే విడిపోని ఎలక్ట్రాన్-హోల్ జంట, పుడుతుంది, ఓ 10 నానోమీటర్లు తిరిగేలోపు దానికి రెండు పదార్థాల సరిహద్దు దొరకాలి. పైగా పొర మందం 100 నానోమీటర్ల లెక్కలో ఉంటుంది, లోపల వెలుతురు అలలు ఒకదానితో ఒకటి కలిసి ఎగుడుదిగుడుగా పరుచుకుంటాయి. వెలుతురు లోపలికి పోయేకొద్దీ తగ్గుతుందని మాత్రమే చెప్పే బీర్-లాంబర్ట్ సూత్రంతో సరిపెట్టకుండా, ఈ అలల కలయికను లెక్కించే ట్రాన్స్‌ఫర్ మ్యాట్రిక్స్ పద్ధతి వాడు. ఛార్జీల కదలికను చెప్పే డ్రిఫ్ట్-డిఫ్యూజన్ సమీకరణాలకి 1969 నాటి షార్ఫెటర్-గమ్మెల్ పద్ధతి చాలు.

ఇక యూనిట్లు. కుర్రతనంలో నేను మొబిలిటీని (ఛార్జీలు ఎంత చురుగ్గా కదులుతాయో చెప్పే విలువ) చదరపు సెంటీమీటర్లలో చదివి, చదరపు మీటర్లు అడిగే గడిలో అదే అంకె కొట్టాను. పదివేల రెట్లు! లాంజెవిన్ రీకాంబినేషన్ (ఎలక్ట్రాన్లూ హోల్సూ ఎదురుపడి కలిసిపోయే వేగం) మొబిలిటీతోపాటే పెరుగుతుంది కాబట్టి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ దాదాపు 0.24 వోల్టులు పడిపోయింది. మూడు రోజులు కాంటాక్టుల్లో తప్పు వెతికాను. చివరికి కాగితం మీద పదివేలకి సహజ లాగరిథమ్ తీసి, గది ఉష్ణోగ్రత దగ్గరి థర్మల్ వోల్టేజీ 26 మిల్లీవోల్టులతో గుణిస్తే సరిగ్గా అదే అంకె వచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్నుంచీ ఏ విలువ పక్కనైనా యూనిట్ రాయందే రన్ నొక్కను.

నీ పదకొండింటిలో కొలిచినవి ఒక రంగులో, ఊహించినవి ఇంకో రంగులో రాసి పంపు. పొర మందం ఏ రంగులో ఉందో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న