నీరు పోయే దారి చూశాకే మెరక

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల కొత్త భవనం కోసం ఐదెకరాల వరిచేను తీసుకున్నాం. ఒక పక్క మురుగు కాలువ ఉంది. ఈశాన్యం మూల ఒకప్పుడు చేపల చెరువు, తర్వాత పూడ్చేశారు. గట్టు మీద పెద్ద నేరేడు చెట్టు ఉంది. దాళ్వా (రెండో పంట) కోతలు కాగానే చేనంతా రోడ్డు ఎత్తుకు మెరక చేసి, వెంటనే పునాదులు తీయాలని కమిటీ నిర్ణయం. పర్యావరణహితంగా కట్టాలన్నది అందరి కోరిక. ఏమేం చూసుకోవాలి?
– పాలకవర్గ సభ్యుడు, కోనసీమ

జవాబు: చేనంతా మెరక చేయవద్దు. చేసిన చోట కూడా వెంటనే పునాది తీయవద్దు. తక్కిన సలహాలన్నీ ఈ రెండింటి తర్వాతే.

ఒక్క ఎకరాన్ని మీటరు ఎత్తు లేపాలంటే 4,047 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ఐదెకరాలకు అది ఇరవై వేలు దాటుతుంది. ఆ గ్రావెల్ కోసం మెట్టలో ఏదో ఒక కొండను తవ్వాలి. అలా కొండను తెచ్చి చేనులో పోశాక, పైన ఎన్ని సోలార్ పలకలు పెట్టినా దాన్ని పర్యావరణహితం అనడానికి నాకు మనసొప్పదు. నీటి సంగతి ఇంకా పెద్దది. ఎకరాన్ని మీటరు లేపితే నలభై లక్షల లీటర్ల నీరు నిలిచే చోటు పోయినట్టే. ఆ నీరంతా పక్క రైతు సార్వా (వానాకాలపు) పంట మీద పడుతుంది. 1986 ఆగస్టు వరదనూ 2022 జూలై వరదనూ చూసిన ఊళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి భవనం కూర్చునే మేర, దానికి వెళ్లే దారి మెరక చేస్తే చాలు. ఆటస్థలం, తోట పల్లంలోనే ఉండనివ్వండి. పూడ్చిన చెరువు మీదికి భవనం ఒక్క మూల కూడా రాకూడదు. దాన్ని మళ్లీ తవ్వించండి. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు వస్తాయి. భూగర్భ జలం పైపైనే ఉండే మన నేలలో వానాకాలం ఇంకుడు గుంతలు అంత నీటిని తాగలేవు, చెరువే మేలు. ఈశాన్యంలో నీరు వాస్తు చూసేవారికీ సమ్మతమే కనుక కమిటీని ఒప్పించడం తేలిక. తవ్విన నల్లమట్టిని మాత్రం పునాది కిందికి వాడవద్దు. అది వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. తోట గట్లకు సరిపోతుంది.

బేస్‌మెంట్ ఎత్తుకు రోడ్డును కొలతగా పెట్టుకోకండి. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంత లేస్తుంది. చుట్టుపక్కల మోటారు షెడ్డు గోడల మీద వరద నీటి చార ఎక్కడుందో చూడండి, ఎగువ రైతులను అడగండి. ఆ చారకు పైన కొంత పెంచి ఖాయం చేయండి. మీ చేను గుండా వెళ్లే పంట బోదె, మురుగు బోదె ఏదీ మూయవద్దు. దారి అడ్డం వస్తే ధారాళమైన తూము వేయించండి.

మెరక పోసే చోట ముందుగా జానెడు లోతు పైమట్టి తీసి పక్కన కుప్ప వేయండి. గోదావరి ఒండ్రు, ఏళ్ల తరబడి కుళ్లిన వరి దుబ్బులు, పశువుల ఎరువు అన్నీ అందులోనే ఉన్నాయి. పునాది కింద అది కుంగుతుంది, తోటలో అది బంగారం. కుప్ప నడుము ఎత్తు దాటకుండా చూసి, పైన జనుమో పిల్లిపెసరో చల్లితే వానకు కోసుకుపోదు.

మట్టి పరీక్ష మెరకకు ముందే జరగాలి. పక్క వీధిలో మూడంతస్తుల ఇల్లు నిలిచిందన్న వాదన వినకండి. డెల్టాలో వంద గజాలకే పాత పాయ ఇసుక పోయి మెత్తని బంకమట్టి తగులుతుంది. భవనం మూలల్లోనూ నడుమా బోర్లు వేయించి, మట్టి ఉబ్బే గుణం ఎంతో కూడా చూడమనండి. పైల్స్ (నేలలో లోతుకు దించే పునాది స్తంభాలు) కావాలా వద్దా అన్నది ఆ నివేదిక తేలుస్తుంది.

గ్రావెల్‌ను తొమ్మిది అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరనూ రోలర్‌తో తొక్కించండి. కాలువలకు నీరు కట్టేసే ఏప్రిల్, మే నెలలు దీనికి అనువు. తర్వాత కనీసం ఒక వానాకాలం వదిలేయండి. పైబరువుకు కింది బంకమట్టిలోని నీరు మెల్లగా బయటికి పోయి నేల దిగుతుంది. గోడలు లేచాక ఆ దిగుడు మొదలైతే బీటలు తప్పవు. ఇంకెంతకాలం ఆగాలో ఇంజనీరు కొలిచి చెబుతారు. ఒక విద్యా సంవత్సరం ఆలస్యమైనా ఫరవాలేదు, పిల్లలు కూర్చునే భవనం అది.

నేరేడు మొదలు చుట్టూ మట్టి పోయవద్దు. వేళ్లకు గాలి అందక రెండు మూడేళ్లలో ఎండిపోతుంది. కొమ్మలు పరచుకున్నంత మేర పాత మట్టమే ఉంచండి.

ప్రశ్న: మా కళాశాల ఆవరణలో బోరు నీరు ఉప్పన. కాంక్రీటుకు వాడవచ్చా?
– పాఠకురాలు, అంతర్వేది ప్రాంతం

జవాబు: వద్దు. ఉప్పులోని క్లోరైడ్ లోపలి ఇనుప ఊచలను తుప్పు పట్టిస్తుంది. ఇనుము వేసిన కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పరీక్ష చేయించాకే ఏ నీరైనా వాడండి. క్యూరింగుకూ (పోసిన కాంక్రీటును తడిపి ఉంచడానికీ) అదే జాగ్రత్త. కాలువలు కట్టేయక ముందే తొట్లలో మంచినీరు నింపి పెట్టుకోండి.