మామయ్య బీరువాలో 24 మాటల కాగితం

ప్రశ్న: నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా మేనమామ రొయ్యల చెరువులు చేసేవాడు, 2021లో అందరూ బిట్‌కాయిన్ బిట్‌కాయిన్ అంటున్నప్పుడు ఒక పట్టుబడి డబ్బుల్లో కొంత అందులో పెట్టాడంట. మొన్న గుండెపోటుతో పోయాడు, వీలునామా లేదు. పెద్దకర్మ అయ్యాక బీరువా సర్దుతుంటే పెన్‌డ్రైవ్ లాంటిదొకటి, డైరీలో నంబర్లేసి రాసిన 24 ఇంగ్లీషు మాటలు దొరికాయి. ఫోన్‌లో బిట్‌కాయిన్ కొని అమ్మే ఎక్స్ఛేంజ్ యాప్ కూడా ఉంది. అత్తకి ఇద్దరాడపిల్లలు, చిన్నది ఇంటర్. మామయ్య తమ్ముళ్ళు మాకూ వాటా ఉందంటున్నారు, అమ్మమ్మ ఏమీ మాట్లాడట్లేదు. టౌన్‌లో ఒకాయన ఆ పేజీ ఫొటో వాట్సాప్ చేస్తే తీసిపెడతా, పది శాతం ఇవ్వండి అంటున్నాడు. ఇంట్లో బీటెక్ నేనొక్కడినే కాబట్టి అంతా నా నెత్తినే పడింది. నా అకౌంట్‌లోకి మార్చి అమ్మేసి డబ్బులు అత్తకి ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: ఆ ఫొటో పంపారో లేదో రాయలేదు బాబూ. పంపకపోతే పంపొద్దు. పది శాతం అడిగినాయన నూటికి నూరూ పట్టుకుపోతాడనే నా అనుమానం. ఆ పెన్‌డ్రైవ్ లాంటిది హార్డ్‌వేర్ వాలెట్, అంటే కాయిన్ల తాళాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా దాచే డివైజ్ అయ్యుంటుంది, కానీ అసలు తాళం ఆ 24 మాటలే, అవి తెలిసినవాడు ఏ దేశంలో కూర్చునైనా మొత్తం లాగేసుకోవచ్చు, ఓటీపీ రాదు, వెనక్కి తిప్పే బ్యాంకు మేనేజరూ ఉండడు. ఒకవేళ పంపేసుంటే ఇవాళే కొత్త మాటలతో కొత్త వాలెట్ పెట్టి, వారసుల ఎదురుగానే కాయిన్లు అందులోకి మార్చెయ్యండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

మీరు కూడా ఫొటో తియ్యొద్దు, గ్యాలరీలో పడ్డది క్లౌడ్‌లోకి పోతుంది. చేత్తోనే వరస తప్పకుండా రెండు కాగితాల మీద రాసి వేరువేరు చోట్ల పెట్టండి, మన డెల్టాలో చెమ్మకి బీరువాలో కాగితం ఎన్నాళ్ళుంటుందో మీకూ తెలుసు. చేతిరాత అర్థం కాకపోతే కంగారు పడొద్దు, మామూలుగా ఆ మాటలన్నీ 2048 మాటల లిస్టులోవే, మొదటి నాలుగక్షరాలు తెలిస్తే అదే మాటో తేలిపోతుంది. ఆ డివైజ్ పిన్ మాత్రం ఊహించి కొట్టొద్దు, లెడ్జర్ కంపెనీది అయితే మూడుసార్లు తప్పు కొడితే డివైజ్ ఖాళీ అయిపోతుంది. మాటలు సరిగ్గా ఉంటే మళ్ళీ తెచ్చుకోవచ్చనుకోండి, లేకపోతే అంతే సంగతులు. తెరిచాక సున్నా చూపిస్తే మామయ్య ఆ 24 మాటలకి అదనంగా ఒక పాస్‌ఫ్రేజ్, అంటే ఇంకో రహస్య మాట పెట్టుకుని ఉండొచ్చు, డైరీ మిగతా పేజీలు కూడా తిరగెయ్యండి.

ఇక మీ అకౌంట్ సంగతి. వద్దు. అమ్మితే పన్ను మీ పాన్ మీద పడుతుంది, ఎక్స్ఛేంజ్ వాళ్ళు కోసే 1 శాతం టీడీఎస్ కూడా మీ పేరు మీదే. పైగా ఆ డబ్బు మీరు అత్తకి ఇస్తే గిఫ్ట్ అంటారు, ఆదాయపు పన్ను చట్టం లెక్కలో మేనమామ మేనల్లుడికిస్తే బంధువు ఇచ్చినట్టే గానీ మేనల్లుడు అత్తకిస్తే కాదు, ఏడాదిలో 50,000 దాటితే ఆవిడ మొత్తానికీ పన్ను కట్టాలి. ఈ ముక్క గోదారి జిల్లాల్లో చెప్తే నవ్వుతారు, కానీ చట్టం అలాగే ఉంది మరి.

వారసత్వంగా వచ్చినందుకు పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. అమ్మినప్పుడు మాత్రం లాభం మీద 30 శాతం, దానిమీద 4 శాతం సెస్సు, అత్తకి వేరే ఆదాయం లేకపోయినా ఇంతే, ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసెయ్యడానికీ లేదు. అందుకే మామయ్య ఎంతకి కొన్నాడో చూపించే మెయిళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచి ఆడిటర్‌కి చూపించండి. ఆయన సిమ్‌కి రీచార్జ్ ఆపొద్దు, నంబర్ ఇంకొకళ్ళకి పోతే మెయిల్ కూడా తెరుచుకోదు.

యాప్‌లో ఉన్నది ఆయన ఓటీపీతో అమ్మెయ్యొద్దు. ఎక్స్ఛేంజ్‌కి చనిపోయారని రాయండి, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, వారసుల పాన్, ఆధార్ అడుగుతారు, మొత్తం పెద్దదైతే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (వారసులెవరో తేల్చే పత్రం) తెమ్మనొచ్చు. లావాదేవీల స్టేట్‌మెంట్ కూడా అడగండి, కాయిన్లు ఏ వాలెట్ అడ్రస్‌కి పంపాడో అందులో ఉంటుంది, ఆ అడ్రస్‌ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో, అంటే లావాదేవీలన్నీ ఎవరైనా చూడగలిగే వెబ్‌సైట్‌లో కొడితే ఏ తాళం లేకుండానే ఎంతుందో కనిపిస్తుంది. ముందు అది చూసుకుని తర్వాత గొడవ పడమనండి తమ్ముళ్ళని.

వాళ్ళ వాటా అంటారా, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే తల్లికి, భార్యకి, పిల్లలకి సమానంగా వెళ్తుంది, అంటే నాలుగు వాటాలు, తమ్ముళ్ళకి సున్నా. చెరువులు ఉమ్మడివి, ఆ డబ్బు ఉమ్మడిలోంచే పోయిందని వాళ్ళు రుజువు చేస్తే అది వేరే కథ. చిన్నమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే ఆ వాటా తల్లి గార్డియన్‌గా చూసుకోవాలి. అమ్మమ్మ గారు మాట్లాడట్లేదని ఆవిడని పక్కన పెట్టకండి, పావు వంతు ఆవిడదే, కోడలికో మనవరాళ్ళకో వదిలెయ్యాలనుకుంటే ఆవిడే సంతకం పెట్టాలి, ఆవిడ తరఫున కొడుకులు రాసిస్తే చెల్లదు.