లైట్ వేయగానే ఒక హెచ్‌ఐడీ హెడ్‌లైట్ ఆరిపోతోందంటే ముందు చూడాల్సింది వైరింగ్

బ్రదర్, మీరు చెప్పినదాన్ని బట్టి మీ కారులో 35 వాట్ల హెచ్‌ఐడీ (ఫిలమెంట్ లేకుండా గ్యాస్‌లో కరెంటుతో వెలిగే బల్బు) కిట్‌ను నేరుగా పాత హాలోజన్ బల్బు ఉండే హెచ్4 సాకెట్‌కే కలిపారు. లైట్ వేయగానే ఎడమవైపుది మిణుకుమని ఆరిపోతోంది, మళ్లీ స్విచ్ వేస్తే వెలుగుతోంది. బల్బు మార్చే ముందు కరెంటు సంగతి చూడండి.

55 వాట్ల హాలోజన్ సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 35 వాట్ల హెచ్‌ఐడీ వేడెక్కాక మూడు చాలు. కానీ వెలిగే మొదటి క్షణాల్లో బ్యాలస్ట్ (బల్బుకు కావాల్సిన అధిక వోల్టేజ్ తయారుచేసే డబ్బా) దానికి రెట్టింపో, ఇంకా ఎక్కువో లాగుతుంది. సన్నటి పాత వైర్లు, స్విచ్ కాంటాక్టుల్లో అప్పుడు వోల్టేజ్ పడిపోతుంది. బ్యాలస్ట్ చేతులెత్తేస్తుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండగా లైట్ వేస్తూ బ్యాలస్ట్ ఇన్‌పుట్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికన్నా ఒక వోల్టు తగ్గినా లోపం వైరింగ్‌లోనే అని తేలినట్టే.

దీనికి మందు రిలే హార్నెస్, అంటే పాత స్విచ్ సిగ్నల్‌తో బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే వైర్ల సెట్. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, బ్యాటరీకి దగ్గరగానే 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టించండి. పాత సాకెట్ రిలేకు సిగ్నల్ ఇస్తే చాలు. ఎర్త్‌ను పెయింట్ గీకిన బాడీ మెటల్‌కు బిగించాలి. చాలా కేసుల్లో అసలు దొంగ సరిగా లేని ఎర్తే. కొన్ని కార్లలో హెడ్‌లైట్ స్విచ్ నెగటివ్ వైపు ఉంటుంది, హార్నెస్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఫ్యూజ్ పోతోందని పెద్దది మాత్రం వేయకండి, వైరు కాలుతుంది.

బ్యాలస్ట్ నుంచి బల్బుకు వెళ్లే వైరులో వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది. దాన్ని కోసి అతకొద్దు, లైట్ ఆన్‌లో ముట్టుకోవద్దు.

ఇంకోటి, మీది రిఫ్లెక్టర్ లాంప్ (బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె ఉండేది) అయితే వైరింగ్ ఎంత బాగున్నా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. నన్నడిగితే ప్రొజెక్టర్ (కాంతిని లెన్స్‌తో రోడ్డు మీదికి మళ్లించే లాంప్) లేకుండా హెచ్‌ఐడీ వద్దు. రిలే పెట్టి మంచి హాలోజన్ వేసినా వెలుతురు బాగా పెరుగుతుంది.