రాత్రి ఒగ్గు కథ, పొద్దున పదో తరగతి: గొంతు మారే వయసులో ఏం జాగ్రత్తలు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. మా బాబుకు 14 ఏళ్లు నిండాయి, పదో తరగతి. మూడేళ్లుగా మా బృందంలో వంత పాడుతున్నాడు, డోలు కూడా కొడతాడు. సంక్రాంతి నుంచి వారానికి మూడు నాలుగు రాత్రులు కథలుంటున్నాయి. ఇంటికొచ్చేసరికి రెండు దాటుతుంది. నెల రోజులుగా గొంతు బొంగురుపోయింది, పైకి పాడితే చీలిపోతోంది. క్లాసులో నిద్రపోతున్నాడని సార్లు చెప్పారు. లెక్కల్లో మార్కులు పడిపోయాయి, తలనొప్పి అంటున్నాడు. కథ మాన్పిద్దామంటే, పాడకపోతే గొంతు పోతుందని మా పెద్దలు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

జవాబు: కథ పూర్తిగా మాన్పించనక్కర్లేదు. కానీ డాక్టరు గొంతు చూసేదాకా పాట ఆపండి. పాడకపోతే గొంతు పోదు. ఈ వయసులో బలవంతంగా పాడిస్తేనే చెడుతుంది.

మగపిల్లలకు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక వేగంగా పెరుగుతుంది. స్వరతంతువులు పొడవై, మందమై, శ్రుతి దాదాపు ఒక స్థాయి (పై 'స' నుంచి కింది 'స' దాకా) కిందికి దిగుతుంది. ఆ కొన్ని నెలలూ తంతువులు కొంచెం వాచి ఉంటాయి, పూర్తిగా మూసుకోవు. గాలి లీకైనట్టు, కీచుమన్నట్టు వినిపించేది అందుకే. ఇది జబ్బు కాదు. పాత శ్రుతిలోనే పాడాలని, డోలు మోత మీద వినపడాలని అరిచినప్పుడే తంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుని కాయలు కడతాయి.

బొంగురు మూడు వారాలు దాటితే పరీక్ష తప్పనిసరి. మీ బాబుకు నెల దాటింది కాబట్టి ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తారు, కొద్ది నిమిషాల పనే. ఊపిరి ఆడకపోయినా, ఊపిరి తీసేటప్పుడు శబ్దం వచ్చినా, గొంతులోంచి రక్తం పడినా, మింగడం కష్టమైనా ఆ రోజే వెళ్లాలి. ఇంకో మాట. 'ఈ ఒక్క రాత్రికి గొంతు తెరిపించే' ఇంజెక్షన్ ఎవరు ఇస్తామన్నా ఒప్పుకోవద్దు. అది వాపును తాత్కాలికంగా దించుతుంది. పిల్లాడు బాగయిందనుకుని తెల్లవార్లూ పాడతాడు, దెబ్బతిన్న తంతువులో రక్తం చేరే ప్రమాదం ఉంటుంది.

డాక్టరు పాడొచ్చన్నాక కూడా శ్రుతి తగ్గించండి. సులువుగా పలికే నాలుగైదు స్వరాల్లోనే పాడనివ్వండి. 20 నిమిషాలు పాడితే 10 నిమిషాలు మౌనం. పై చరణాలు పెద్దవాళ్లు అందుకోవాలి. విడి మైకు ఇవ్వండి, తన గొంతు తనకు వినబడేలా చిన్న స్పీకరు ముందు పెట్టండి. తన గొంతు వినపడని పిల్లాడు తప్పకుండా అరుస్తాడు. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, నిజానికి దానివల్ల గొంతు మరింత బిగుస్తుంది. మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడాలి. గొంతు సవరించుకోబోయే ప్రతిసారీ ఒక గుక్క నీళ్లు మింగమనండి. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు సెంటీమీటర్లు ముంచి, 'ఊ' అంటూ బుడగలు తెప్పించడం మంచి వ్యాయామం. ఒకసారికి రెండు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు.

కరక్కాయ, మిరియాల కషాయం తాగితే హాయిగా ఉంటుంది, వద్దనను. కానీ మింగినది ఆహార నాళంలోకి పోతుంది, స్వరతంతువులను తాకదు. పట్నం (దేవుడి ముందు రంగుల ముగ్గు) వేసే చోట బండారి (పసుపు) చల్లుతారు, సాంబ్రాణి పొగ పెడతారు. ఆ పొడీ పొగా ఊపిరితో నేరుగా తంతువుల మీదికి చేరతాయి. ఆ కాసేపు ముక్కు, నోటికి తడి రుమాలు కట్టి బాబును పక్కన కూర్చోబెట్టండి. బృందంలో గుట్కా, కల్లు అలవాటున్నవాళ్లు ఉంటే, 'గొంతు తేలడానికి' అని బాబుకు ఇవ్వకుండా చూసే బాధ్యత మీదే.

ఇక నిద్ర. మార్కులు, తలనొప్పి, క్లాసులో కునుకు, వీటన్నిటికీ నాకు కనబడే మొదటి కారణం ఇదే. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. రెండున్నరకు పడుకుని ఆరున్నరకు లేస్తే దక్కేది 4 గంటలు. వారంలో నాలుగు రాత్రులు ఇలాగైతే కనీసం 16 గంటలు బాకీ. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోబెడితే అది తీరదు, పైగా ఆ రాత్రి నిద్ర పట్టదు. పగలు చదివింది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. అందుకే చదివినా గుర్తుండటం లేదు.

ఒప్పుకునే రోజులు మార్చండి. మల్లన్న జాతరల్లో ఆదివారానికే గిరాకీ ఎక్కువని మీకు తెలుసు. ఆదివారం రాత్రి కథ అంటే సోమవారం బడి పోయినట్టే. బాబుకు శనివారం రాత్రి, ఆదివారం పగలు మాత్రమే ఉంచండి. రాత్రి కథలో పదిన్నరకల్లా అతని భాగం ముగించి, అక్కడే ఎవరింట్లోనైనా పడుకోబెట్టండి. అర్ధరాత్రి నిద్రమత్తులో బండి నడపడం మీకూ ప్రమాదమే. కథ ఉన్న సాయంత్రం నాలుగున్నర నుంచి గంటన్నర పడుకోవాలి. భోజనం ఆరున్నరకు పెట్టండి. అర్ధరాత్రి మిర్చి బజ్జీలు, బిర్యానీ తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్ని బొంగురు పెంచుతుంది. ఆకలేస్తే అరటిపండు, పాలు చాలు. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు, ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు. మార్చి పరీక్షలకు ఆరు వారాల ముందు నుంచి రాత్రి కథలు పూర్తిగా ఆపాలి. జాతర ఉగాది దాకా ఉంటుంది, సంపాదన తగ్గుతుంది, అది నాకు తెలుసు. అయినా ఇందులో బేరం వద్దు.

ఒప్పుకున్న తేదీలు రాసి హెడ్‌మాస్టర్‌కు ముందే ఇవ్వండి. గంటల తరబడి కథ నోటికి చెప్పగల పిల్లాడికి జ్ఞాపకశక్తి తక్కువ కాదు. సాంఘిక శాస్త్రం, జీవశాస్త్రం పైకి చదివి కథలా చెప్పమనండి, మీరు కూర్చుని వినండి. లెక్కలు మాత్రం అలా రావు. నిద్ర నిండిన పొద్దున 40 నిమిషాలు చేత్తో చేయాల్సిందే.

తలనొప్పికి రక్తపరీక్ష, కంటిపరీక్ష చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో కాదు. డోలు పక్కన నిలబడే పిల్లాడికి కథయ్యాక చెవిలో గుయ్ మంటుంటే, మెత్తటి ఇయర్ ప్లగ్స్ పెట్టించండి.

మీ ఇంట్లో ఇంకా చిన్నపిల్లలు వేదిక ఎక్కుతుంటే ఒక కొలత చెబుతాను. సినిమా, టీవీల్లో పనిచేసే 14 ఏళ్లలోపు పిల్లల విషయంలో 2017 నాటి కేంద్ర నిబంధనలు రోజుకు 5 గంటలు, విరామం లేకుండా 3 గంటలు మించొద్దంటాయి. ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటాయి. మీ బృందానికీ అదే కొలత పెట్టుకోండి.

పరీక్షలయ్యాక పాట మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మొదటి వారం రోజుకు 10 నిమిషాలు, తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. పాడిన మర్నాడు పొద్దున గొంతు బొంగురుగా ఉంటే ఆ వారం పెంచొద్దు. ఆరు నెలల తర్వాత కూడా గొంతు స్థిరపడకుండా సన్నగానే, చీలుతూనే ఉంటే స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాల శిక్షణతో సాధారణంగా సరిపోతుంది.