కవిత రాస్తూ గడిపిన గంట ప్రార్థన నుంచి దొంగిలించినదా?

మీరు అడిగినవాటిని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, సరిగ్గా అర్థమైందో లేదో మీరే చూడండి. విశ్వాసంలోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు, కవితలు మాత్రం చిన్నప్పటి నుంచీ రాస్తున్నారు. ఇప్పుడు కలం పట్టుకుంటే చాలు, ఈ టైము ప్రార్థనకి ఇవ్వాల్సింది కదా అని మనసు పీకుతోంది. పోనీ ఏం రాయాలో దేవుడే చెప్తాడని బైబిల్ వాక్యంలో వెతికితే అలాంటి మాటేదీ దొరకట్లేదు. పైగా ఒకరు అపొస్తలుల కార్యములు 19 చూపించి, రక్షణకి ముందు రాసిన కవితలన్నీ తగలబెట్టెయ్యమన్నారు. నేను చాలా ఏళ్లుగా పాటలు రాస్తున్నాను, ఆరాధనలో పాడేవీ ఉన్నాయి, ఎవరూ పాడనివీ ఉన్నాయి. ఆ అనుభవంలోంచే చెబుతున్నాను.

రాయడం మానకండి. ప్రార్థన తగ్గించకండి. ఈ రెండూ ఒకే గంట కోసం కొట్లాడుకుంటున్నట్టు మీకు అనిపిస్తోందంటే, భక్తి ఒక గదిలో, పని ఇంకో గదిలో ఉంటాయని ఎవరో మన బుర్రలో పెట్టేశారు. బైబిల్ అలా విడదీసి మాట్లాడటం నేనైతే చూడలేదు.

నిర్గమకాండము 31 తెరవండి. దేవుడు పేరు పెట్టి పిలిచి, ఇతన్ని నా ఆత్మతో నింపాను అని చెప్పిన బెసలేలు ఎవరు? ప్రవక్త కాదు, యాజకుడు కాదు, యూదా గోత్రంలో ఒక పనివాడు. ఆత్మతో నింపింది దేనికి అంటే బంగారం, వెండి, ఇత్తడి పని చెయ్యడానికి, రత్నాలు సానబెట్టి పొదగడానికి, కర్ర చెక్కడానికి. అతనికి తోడు దాను గోత్రం నుంచి అహోలీయాబు. 35వ అధ్యాయంలో ఇంకో మాట కూడా ఉంది, ఇతరులకి నేర్పే మనసు కూడా దేవుడే వాళ్లకి పెట్టాడని. చేతిలో ఉన్న నైపుణ్యం గురించి ఇంత వివరంగా, ఇంత ఇష్టంగా మాట్లాడిన దేవుడు మీ కలాన్ని చూసి మొహం తిప్పుకుంటాడని నేను నమ్మలేను.

అదే చోట ఇంకా చూడండి. బెసలేలు గురించి చెప్పడం అవ్వగానే, అదే అధ్యాయంలో, దేవుడు విశ్రాంతి దినం గురించి మాట్లాడతాడు. బెసలేలు కట్టేది నన్ను ఆరాధించే గుడారమే అయినా ఏడో రోజు పని ఆపాల్సిందే అన్నట్టు. ఆ తర్వాతి అధ్యాయమే జనం దేవుడని మొక్కిన బంగారు దూడ. మోషే అన్న అహరోను జనం చెవుల పోగులు తీసుకుని, పోగరతో, అంటే చెక్కే పనిముట్టుతో, రూపం దిద్ది చేసినది. అదే జనం, అదే బంగారం, అదీ చేతిపనే. మళ్లీ 36కి వస్తే, గుడారం కోసం జనం తెచ్చిన కానుకలు అవసరానికి మించిపోయి, ఇంక తేవద్దని మోషే చాటించాల్సి వచ్చింది. కళ గురించి నాకు ఎవరైనా ఒక్క పాఠం చెప్పమంటే ఈ ఆరు అధ్యాయాలు చదవమంటాను. వరం ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు ఆపాలి, ఎక్కడ తప్పిపోతుంది, ఎంత అయితే చాలు, అన్నీ అక్కడున్నాయి.

ఇప్పుడు వాక్యంలో ఏం రాయాలో వెతకడం గురించి. ఇది మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రాసేవాళ్లందరికీ ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. చదువుతూ ఉంటే మంచి మాట కంటపడగానే ఇది పల్లవికి బాగుంటుందే అని చెయ్యి పెన్ను మీదకి పోతుంది. ఆ క్షణంలో ఆ వాక్యం మనతో మాట్లాడటం ఆగిపోతుంది, మనం దాన్ని వాడుకోవడం మొదలుపెడతాం. అందుకే నా దగ్గర రెండు నోట్‌బుక్కులు ఉంటాయి. పాటలది ఒకటి. రెండోది పొద్దున చదివేటప్పుడు పక్కన పెట్టుకునేది, అందులో ఆ రోజు భాగాన్ని చేత్తో ఎత్తి రాస్తాను, కింద నాలుగు లైన్లు ప్రార్థన రాస్తాను, అంతే. దాన్ని తెరిచి చూసి పాట రాయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం.

చేత్తో ఎత్తి రాయమని ఎందుకంటున్నానంటే, కంటితో చదివితే పరుగెత్తిపోయే చోట చెయ్యి నెమ్మదిస్తుంది. 42వ కీర్తన అలా రాస్తున్నప్పుడే, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అనే ప్రశ్న ఐదో వచనంలో వచ్చి, దేవునియందు నిరీక్షణ ఉంచు అని తనకి తనే చెప్పుకున్నాక కూడా దుఃఖం తగ్గలేదని గమనించాను. ఆ తర్వాతి వచనంలోనే మళ్లీ ప్రాణం క్రుంగిపోయిందంటాడు. పదకొండో వచనంలో అదే ప్రశ్న, అదే జవాబు. 43వ కీర్తన ఐదో వచనంలో ఇంకోసారి. అంటే అది పల్లవి. ఒక్కసారి పాడితే బాధ పోతుందని కీర్తనకారుడు అనుకోలేదు, తిరిగి తిరిగి పాడుకోవాలనే అక్కడ పెట్టాడు. ఆ రోజు దాని మీద నేనేమీ రాయలేదు. నా సొంత దిగులుతో నేను ఎలా మాట్లాడాలో మాత్రం నేర్చుకున్నాను. చాలా రోజుల తర్వాత, వేరే పాట రాస్తుంటే, పల్లవిలో ఒక మనిషి తనతో తను మాట్లాడుకుంటున్నాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, కానీ నేను తీసుకురాలేదు. వాక్యం నడిపిస్తుంది అంటే నా అనుభవంలో ఎక్కువసార్లు ఇలాగే ఉంటుంది.

కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న వచనాన్ని టాపిక్‌గా తీసుకునే పద్ధతి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. నేను దాన్ని ప్రోత్సహించను. లూకా తన సువార్త మొదట్లో ఏమంటాడో చూడండి, దర్శనం వచ్చింది కాబట్టి రాస్తున్నాను అనడు. కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులున్నాయి, ఇప్పటికే చాలామంది రాయడానికి పూనుకున్నారు, నేనూ మొదటి నుంచి అన్నీ జాగ్రత్తగా పరిశీలించాను, వరసగా రాయడం మంచిదని నాకూ అనిపించింది అంటాడు. మనం ఆత్మప్రేరితం అని నమ్మే పుస్తకం అలా మొదలైంది, పరిశీలనతో, కష్టంతో, నాకూ అనిపించింది అనే మామూలు మాటతో. కాబట్టి మీకు రాయాలనిపించిన విషయం న్యాయమైనదైతే, నిజమైనదైతే, ఇంకో సూచన కోసం ఎదురుచూడక్కర్లేదు. ఫిలిప్పీయులకు 4:8 ఒకసారి పక్కన పెట్టి చూసుకుని రాయడం మొదలుపెట్టండి.

కష్టపడి చెక్కితే భక్తి పోతుందనీ, ఆత్మ నడిపిస్తే పాట ఒక్క ఊపులో వచ్చెయ్యాలనీ అనుకునేవాళ్లకి నేను 119వ కీర్తన చూపిస్తాను. హీబ్రూ అక్షరాలు 22, ఒక్కో అక్షరానికి 8 వచనాలు, మొత్తం 176, ఆ ఎనిమిదీ అదే అక్షరంతో మొదలవ్వాలి. ఎవరో ఒక భక్తుడు కూర్చుని, మాట కోసం వెతుక్కుని, కొట్టేసి, మళ్లీ రాసి ఉంటాడు కదా. విలాపవాక్యములు ఇంకా ఆశ్చర్యం. యెరూషలేము కూలిపోయింది, పసిపిల్లలు వీధుల్లో ఆకలికి సొమ్మసిల్లుతున్నారు, ఆ దుఃఖాన్ని ఆ కవి అక్షరాల వరసలో పేర్చాడు. మొదటి నాలుగు అధ్యాయాలూ అంతే, మూడోది అయితే అక్షరానికి మూడు చొప్పున 66 వచనాలు. ఐదో అధ్యాయంలో వచనాలు 22 ఉన్నాయి కానీ అక్షరాల వరస లేదు. ఎందుకు అలా వదిలేశాడో పండితులు రకరకాలుగా చెబుతారు, నాకైతే అక్కడికొచ్చేసరికి ఏడుపు ఆ కట్టుని దాటేసినట్టు వినిపిస్తుంది. కన్నీళ్లకి ఛందస్సు అడ్డం కాదని నాకు నేర్పింది ఆ పుస్తకమే.

ఇదే నాకు బాగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెప్తాను. మా సంఘంలో ఒక కుటుంబం బిడ్డని పోగొట్టుకుంది. జ్ఞాపకార్థ కూడికకి పాట రాయమన్నారు. అప్పట్లో నేను 88వ కీర్తన ఎత్తి రాస్తున్నాను, కీర్తనలన్నిట్లోకీ చీకటిగా ముగిసేది అదే, చివర్లో ఎక్కడా వెలుగు రాదు. రాత్రీ పగలూ నీకు మొరపెడుతున్నాను, నీ ముఖం ఎందుకు దాచుకుంటున్నావు అని అడిగి, నా ఆప్తులు దూరమయ్యారు, చీకటే మిగిలింది అని ఆపేస్తాడు. నా పాట కూడా మూడు చరణాలు వచ్చి ప్రశ్న దగ్గరే ఆగింది. విన్నవాళ్లు, పునరుత్థానం మీద నాలుగో చరణం ఒకటి కలపమన్నారు. మంచి మనసుతోనే అన్నారు, ఆ చరణం రాయడం నాకు కష్టమూ కాదు. ప్రార్థన చేసుకున్నాను, ఆ కీర్తన మళ్లీ చదివాను, కలపలేదు. కూడికలో వేరేవాళ్లు ప్రసంగంలో పునరుత్థానం గురించి చక్కగా చెప్పారు. అయిపోయాక ఆ బిడ్డ తండ్రి వచ్చి పాట కాగితం ఇమ్మని అడిగారు, రోజూ రాత్రి దేవుణ్ణి ఇదే అడుగుతున్నాను, చర్చిలో పైకి అనొచ్చని తెలియదు అన్నారు. క్రీస్తు లేచాడన్నదే మన విశ్వాసానికి పునాది, దాని మీద నేను రాసిన పాటలు చాలా ఉన్నాయి. కానీ ప్రతి పాటా నాలుగు నిమిషాల్లో గెలుపుతో ముగియాలన్న రూల్ బైబిల్ తనకి తను పెట్టుకోలేదు. ఆ కీర్తన కూడా ప్రార్థనే. దేవా, నా రక్షణకర్తా అనే మాటతోనే మొదలవుతుంది.

మెప్పు గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట చెప్పాలి. సంఖ్యాకాండము 21లో ఇత్తడి సర్పాన్ని చేయించింది సాక్షాత్తూ దేవుడు, పాము కాటు తిన్న జనం దాన్ని చూసి బతికారు. తర్వాతి తరాలు దానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడని రెండవ రాజులు 18:4లో ఉంది. దేవుడు చెప్తే చేసిన పని కూడా విగ్రహం కావచ్చన్నమాట. పాట పూర్తయ్యేదాకా ప్రార్థనలో కూర్చోలేకపోతున్నా, మన పాట కాకుండా వేరేవాళ్లది పాడినప్పుడు లోపల ఎక్కడో చురుక్కుమన్నా, అది గమనించుకోవాలి. అందుకే వారంలో ఒక రోజు నేను అసలేమీ రాయను, ఎంత మంచి లైను తట్టినా సరే. ఆ రోజు పోయిన లైను గురించి బెంగ పడకుండా ఉండగలిగితే, ఇచ్చినవాడు మళ్లీ ఇస్తాడన్న నమ్మకం నాలో ఇంకా ఉన్నట్టే.

ఇక మీ పాత కవితలు. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసువాళ్లు కాల్చింది మాంత్రిక విద్య పుస్తకాలు, వాటి వెల యాభై వేల వెండి నాణేలని లెక్క కూడా ఉంది. అవి కవితలు కావు. అదే పుస్తకంలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్తే, పౌలు ఏథెన్సులో నిలబడి "మీ కవీశ్వరులలో కొందరు" అంటూ గ్రీకు కవి మాటని ఎత్తి చెబుతున్నాడు. మనం ఆయన సంతానం అనే ఆ మాట క్రీస్తుకి పూర్వం మూడో శతాబ్దంలో అరాటస్ రాసిన కావ్యంలో ఉంది, అందులో ఆ మాట గ్రీకుల దేవుడు జ్యూస్ గురించి. పౌలు దాన్ని కాల్చలేదు, సమయానికి నోటికొచ్చేంతగా గుర్తుపెట్టుకున్నాడు.

కాల్చినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లీషు కవి జెరార్డ్ మ్యాన్లీ హాప్‌కిన్స్ 1868లో జెస్యూట్ అనే క్యాథలిక్ సన్యాసుల సభలో చేరబోతూ తన కవితలు కాల్చేసి, పెద్దలు చెబితే తప్ప రాయకూడదని నిర్ణయించుకున్నాడు. ఏడేళ్లు దాదాపు మౌనంగానే ఉన్నాడు. 1875 డిసెంబరులో ఓడ ప్రమాదంలో ఐదుగురు సన్యాసినులు మునిగిపోయినప్పుడు, దీని మీద ఎవరైనా కవిత రాస్తే బాగుండునని ఆయన పైఅధికారి అన్నాడు. ఆ ఒక్క మాటతో మళ్లీ కలం పట్టాడు. ఆయన త్యాగం మీద నాకు గౌరవం ఉంది, దేవుడికి ఇచ్చెయ్యాలన్న తపన అది. కానీ రాయమన్న మాట కూడా ఆయనకి సభలోని పెద్ద నోటి నుంచే వచ్చిందని మర్చిపోకండి.

కాబట్టి తొందరపడి అగ్గిపుల్ల గియ్యకండి. ప్రార్థన చేసుకుని ఆ కవితలన్నీ కూర్చుని చదవండి. ఎవరినైనా నొప్పించడానికే రాసినవి ఉంటే చింపెయ్యండి, వాటి కోసం బాధపడక్కర్లేదు. దేవుణ్ణి తెలియకముందే ఆయన కోసం తడుముకుంటున్నట్టు ఉన్నవి కొన్ని కనపడొచ్చు, అవి దాచండి. ఎటూ తేల్చుకోలేనివి ఒక కవరులో పెట్టి, విశ్వాసంలో మీకన్నా పెద్దవాళ్లయి, కవిత్వం చదివే అలవాటు కూడా ఉన్న ఒకరికి చూపించండి. రెండోది కూడా ముఖ్యం. తగలబెట్టమన్న ఆయన వాటిలో ఒక్కటైనా చదివారో లేదో మీరు చెప్పలేదు.